అక్కకు సీరియస్

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు ఇంగ్లీషు పుస్తకం చంకన పెట్టుకుని, పెన్సిలు కొన కొరుకుతూ నా మంచం దగ్గరికి వచ్చింది. సెలవులకని చౌటుప్పల్‌లో మా ఇంటికి వచ్చిన పిల్ల, అయిదో తరగతి. "తాతా, సీరియస్ అన్న మాట పెట్టి మూడు వాక్యాలు రాయాల్నట, జర చెప్పవా?" అంది. ఇంగ్లీషులో నాకు వచ్చిన మాటలు రెండు చేతుల వేళ్లకు మించవు గానీ, ఈ ఒక్క మాట మీద నాకున్న పట్టు ఏ కాన్వెంటు టీచరుకూ ఉండదు. పాతికేళ్లకు పైగా దాన్ని ఖాకీ సంచిలో వేసుకుని సైకిలు మీద ఊరూరా మోసినవాణ్ణి. తడుముకోకుండా చెప్పాను: "మదర్ సీరియస్. స్టార్ట్ ఇమ్మీడియట్లీ." పిల్ల పకపకా నవ్వింది. "గిదేం వాక్యం తాతా? మా మేడం కొడ్తది" అని, మేడం సీరియస్‌గా ఉంటుందని తనే ఒకటి రాసుకుంది. నేను సీరియస్‌గా చదువుకుంటాను అని రెండోది రాసింది. అది పచ్చి అబద్ధం, అయినా ఊరుకున్నాను. మూడో గీత ఖాళీగా వదిలేసి టీవీ ముందుకు పోయింది. నేను ఆ ఖాళీ గీత వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి "మళ్ల ఏమాయె?" అంది. ఏం కాలేదన్నాను. ఆమె ఒకసారి పుస్తకం వంక చూసి, చల్లారిపోయిన నా చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

ఇప్పటి పిల్లలకు టెలిగ్రాం అంటే సెల్‌ఫోన్లో సినిమాలు దింపుకునే సాధనం. నేను మోత్కూర్ చుట్టుపక్కల పల్లెలకు పోస్టుమన్‌గా తిరిగిన రోజుల్లో అది ఇంటి మీద పడే పిడుగు. ఉత్తరం తెచ్చానంటే పిల్లలు ఎదురు ఉరికొచ్చేవాళ్లు. టెలిగ్రాం కాగితం పట్టుకుని వాకిట్లో నిలబడితే మాత్రం చదవకముందే లోపల ఏడుపు లేచేది. ఆ రోజుల్లో మా వైపు నుంచి బొంబాయికీ సూరత్‌కూ బతకపోయినవాళ్లు ఇంటికొకరు ఉండేవాళ్లు. ఇక్కడ మనిషి పోతే వాళ్లకు కబురు పంపాలి, ఫారం నింపడం నా పని. కొత్తగా చేరిన నెలలోనే ఒక ముసలమ్మ వచ్చి, మా ఆయన పోయిండని నా కొడుక్కు రాయి బిడ్డా అంటే, ఆమె చెప్పినట్టే రాయబోయాను. మా పోస్టుమాస్టరు నా చేతిలో కలం లాక్కున్నాడు. "చచ్చిపోయిండని రాస్తే వాడు రైలెక్కకముందే ఆడ కూలవడ్తడు. సీరియస్ అని రాయి. దారి పొడుగుత ఆశ ఉంటది. ఇంటికొచ్చినంకనంటవా, పట్టుకోనీకె నలుగురుంటరు" అన్నాడు. అంత దయగల మాట నేను ఆ ఆఫీసులో మళ్లీ వినలేదు. అప్పటి నుంచి నేనూ అలాగే రాశాను, అలాగే చదివి వినిపించాను. రానురాను ఊళ్లకు కిటుకు తెలిసిపోయింది. సీరియస్ అంటే ఏమిటో అందుకునేవాడికి తెలుసు, అందించే నాకూ తెలుసు. అయినా ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

టెలిగ్రాం పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ ఆ మాట మాత్రం పోలేదు. ప్రాణం బాగాలేని మనిషి గురించి మా వైపు వేరే మాటలున్నాయి: పానం మంచిగ లేదంటారు, దవాఖాన్ల ఉన్నదంటారు. సీరియస్ ఉన్నది, జల్ది రా అని చెప్పి ఫోన్ పెట్టేశారంటే ఇంక బట్టలు సర్దుకోవడమే. ఆ తర్వాత ఇంకెవరైనా ఫోన్ చేసి, ఏమన్న తిని రాండ్రి అన్నారనుకోండి, అడగాల్సింది ఏమీ మిగలదు. చావింట్లో పొయ్యి వెలగదు కదా. ఈ సంగతుల్లో నేను ఆరితేరినవాణ్ణని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఇంట్లో ఫోన్ మోగితే అవతలి గొంతు పలికే తీరును బట్టి ఎవరు పోయారో కూడా చెప్పేవాణ్ణి. మా ఆవిడ దీన్ని తెలివి అనదు. పోస్టు రోగం అంటుంది.

మాది గొర్రెల కాపరుల ఇల్లు. అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. బాపు మంద వెనక ఒక్కడే తిరగలేకపోతే, అక్క గొంగడి కప్పుకుని తోడు పోయింది. ఆమె పోయింది కాబట్టే నేను బడికి పోయాను. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆమె తన అత్తగారి ఊళ్లో, మోత్కూర్ అవతల, ఇంటింటికీ తిరిగి చక్కెర పంచిపెట్టిందట. బావ నెమ్మదైన మనిషి, గొర్రెలతో తప్ప ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. వాళ్లకు ఒక్కడే కొడుకు. డిగ్రీ పూర్తి చేసి, కొన్నాళ్లు ఫ్యాక్టరీలో చేసి, అది నచ్చక మళ్లీ మందనే నమ్ముకున్నవాడు. రాష్ట్రం వచ్చిన ఏడు అక్క మా ఇంటికి వచ్చి, నా బిడ్డను తన కొడుక్కు చేసుకుంటానని అడిగింది. అడిగే హక్కు ఆమెకు ఉంది. నా బిడ్డ చదువుకుంటానంటున్నది అని నేను చెప్పి ఉంటే సరిపోయేది, అది నిజం కూడా. నేను అట్లా చెప్పలేదు. అప్పటికే చౌటుప్పల్‌లో స్లాబు ఇల్లు కట్టుకున్నవాణ్ణి, ముక్కు మీద కోపం ఉన్నవాణ్ణి. "గొర్లు కాసేటోనికి నా బిడ్డనియ్య" అన్నాను.

అక్క అరవలేదు. కొంగు నడుముకు చుట్టుకుని లేచింది. "నిన్ను చదివిచ్చింది గొర్లే తమ్మీ" అని, ముందు పెట్టిన చాయ్ ముట్టకుండా బస్టాండుకు నడిచిపోయింది. మా ప్రాంతంలో రాఖీ పున్నమి నాడు ఆడబిడ్డలు బస్సులకు వేలాడైనా సరే అన్నదమ్ముల ఇళ్లకు వచ్చి తీరుతారు. మూడు పున్నములు నా చెయ్యి ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ చెయ్యి కనబడకుండా ఆ రోజు పొడుగు చేతుల అంగీ వేసుకునేవాణ్ణి. "నువ్వే పో. గా మాట తప్పాయె అను. తక్కువైతవా?" అని మా ఆవిడ ప్రతిసారీ పోరేది. రేపు పోదాం అనేవాణ్ణి. ఆ మాట వెనక్కి తీసుకోవాలని లోపల ఎప్పుడూ ఉండేది. కానీ గంటన్నర దారే కదా, ఎప్పుడైనా పోవచ్చునని ధీమా.

మూడో పున్నమి దాటాక, చలి తగ్గి ఎండ ఇంకా ముదరని రోజుల్లో, ఒక పొద్దున తొమ్మిది దాటాక ఫోన్ మోగింది. మేనల్లుడి గొంతు. మూడేళ్ల తర్వాత వింటున్నాను. "మామా, అమ్మకు సీరియస్ ఉన్నది. జల్ది రా." ఎక్కడుంది అని అడిగాను. "ఇంటికాన్నే" అన్నాడు, పెట్టేశాడు. దవాఖానలో లేదు, ఇంట్లోనే ఉంది. గొంతులో ఏడుపు లేదు, తొందర ఉంది. నేను వెంటనే తిరిగి చేస్తే ఫోన్ కలవలేదు. బావ తమ్ముడికి చేశాను. ఆయన కాసేపు నసిగి, "నువ్వైతే రా బావా, ఫికర్ చెయ్యకు. బండి మీద పైలం. జర ఏమన్న తిని బయలెల్లు" అన్నాడు. తిని బయలెల్లు అన్నాడు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. పాతికేళ్లు ఇంటింటికీ తిరిగి నేను అందించిన కాగితం, తిరిగి తిరిగి నా ఇంటి వాకిట్లోకి వచ్చింది.

మా ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంది. నేను బీరువా తీసి, మూసి, మళ్లీ తీసి, "చీర కొనాలె" అన్నాను. తెలియనివాళ్ల కోసం చెప్తాను. మావైపు ఆడమనిషి పోతే చివరిగా ఒంటి మీద కప్పేది పుట్టింటి చీర. అది అన్నో తమ్ముడో తేవాలి. అది రాకపోతే పాడె లేపరు, వాకిట్లో పెట్టుకుని ఎదురు చూస్తారు. తమ్ముడు చీర లేకుండా వచ్చాడంటే ఆ మాట ఊళ్లో తరాలు నిలుస్తుంది. అందులోనూ మాట పట్టింపు ఉన్న తమ్ముడు. చచ్చినా పంతం విడవలేదంటారు. అదొక్కటే కాదు, నిజం చెప్పాలి. ఆమె ఉన్నప్పుడు నోటితో చెప్పలేనిది, ఇప్పుడు చీరతోనైనా చెప్పుకోవాలని నాకు ఆరాటం. మా ఆవిడ నా ముఖంలోకి చూసింది. "ఉన్నదేమో. సక్కగ పోదాం నడువు. లేకపోతే మోత్కూర్ల దొరకదా చీర?" అంది. మోత్కూర్‌లో అందరూ ఎరిగినవాళ్లే, చావుకు వస్తూ దారిలో గబగబా కొన్నాడంటారు అన్నాను. "మనిషి ఉన్నదో లేదో తెల్వకముందే చీర కొంటరా?" అని ఆమె రెట్టించింది. నాకు కోపం వచ్చింది. "గా మాటకు అర్థం నువ్వు నాకు చెప్తవా? పాతికేండ్లు మోసిన" అని కసిరాను. ఆమె స్కూటరు వెనక కూర్చుంది. ఆ రోజు నేను ఆమె మాట విని ఉంటే ఈ కథ రాసేవాణ్ణి కాదు.

బట్టల దుకాణం షట్టరు సగమే లేచి ఉంది. లోపల యజమాని దేవుడి పటాలకు ఊదుబత్తీలు తిప్పుతున్నాడు. తెలిసినవాడే. నా ముఖం చూసి, ఎవరికి అని మాత్రం అడిగాడు. అక్కకు అన్నాను. బావ ఉన్నాడా అన్నాడు. ఉన్నాడన్నాను. అయితే ఎరుపో పచ్చో తీయాలన్నమాట, అది అతనికి చెప్పనక్కర్లేదు. అరలో చెయ్యి పెట్టబోయి ఆగిపోయాడు. "సార్, కోపం చెయ్యకుండ్రి. ఇంక బోణీ గాలే. గీ బట్టతోని బోణీ ఎట్ల జేద్దు? ఒక్క గిరాకీ రానియ్యండ్రి, వెంటనే ఇస్త" అని రెండు చేతులు జోడించాడు. అతని తప్పేమీ లేదు, నేనైనా అదే అంటాను. బెంచీ మీద కూర్చున్నాం. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. కాసేపటికి ఒకామె కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. నా ప్రాణం లేచివచ్చింది. ఆ తల్లీకూతుళ్లు ఒక జాకెట్టు గుడ్డకు ఉల్లిపొర రంగు కావాలని, అది గులాబీ అని, ఇది వంకాయ అని, వెలుతురులోకి పట్టుకుపోయి చూసి, మళ్లీ లోపలికి తెచ్చి, ఇరవై నిమిషాలు చూశారు. చూసి, సాయంత్రం వస్తామని వెళ్లిపోయారు. నేను తల పట్టుకున్నాను. మా ఆవిడ దిగ్గున లేచింది. "ఒక తువ్వాల ఇయ్యి" అని నోటు బల్ల మీద కొట్టింది. "బోణీ అయ్యిందా? ఇగ చీర తియ్యి." ఆ ఉపాయం ముందే ఎందుకు తట్టలేదని ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. దుకాణాయన ఆకుపచ్చ మీద ఎర్రంచు చీర తీశాడు. ఇలాంటి చీరకు ఎవరూ బేరమాడరు, రెండోది చూపించమనరు. సంచిలో పసుపు, కుంకుమ, గాజులు కూడా పెట్టుకుని బయలుదేరేసరికి పదిన్నర దాటింది.

స్కూటరు నాకంటే ముసలిది. దాని ముక్కు పిండినా యాభై దాటదు. మూసీ మీద వంతెన దాటేటప్పుడు నురగ వాసన ముఖానికి కొట్టింది. మా ఆవిడ వెనక సంచిని ఒడిలో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఒక్క మాట లేదు. నేను మాత్రం లోలోపల మాట్లాడుతూనే ఉన్నాను. పాడె దగ్గర నిలబడి ఏమని ఏడవాలో, బావ ముఖం ఎట్లా చూడాలో, మేనల్లుడు నన్ను దగ్గరికి రానిస్తాడో లేదో. వలిగొండ దగ్గర రైల్వే గేటు పడింది. ట్రాక్టర్లు, ఆటోలు, గడ్డి లారీ, వాటి మధ్య మేము. ఇంజను ఆపేశాను. అప్పుడు జేబులో ఫోన్ మోగింది. తీసి చూస్తే మేనల్లుడు. "ఎత్తు" అంది మా ఆవిడ. నేను ఎత్తలేదు. ఎత్తితే వెనక ఏడుపులు వినబడతాయి. విన్నాక ఇంక ఏమీ మిగలదు. దారి పొడుగుత ఆశ ఉంటది అన్న పోస్టుమాస్టరు మాట గుర్తొచ్చింది. ఎందరికో ఇచ్చాను ఆ ఆశ, నాకు ఒక గంట ఉంచుకుంటే తప్పేముంది అనుకున్నాను. "బండి మీద ఫోన్ ఎత్తరాదు" అన్నాను. "బండి ఆగి ఉన్నది" అంది మా ఆవిడ. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. మళ్లీ ఆగింది. గూడ్సు బండి ఒక్కొక్క పెట్టెనూ లెక్క అప్పజెప్పినట్టు నెమ్మదిగా పోయింది.

అక్కవాళ్ల గొర్రెల దొడ్డి ఊరి మొదట్లోనే ఉంటుంది. పన్నెండు దాటినా మంద దొడ్డిలోనే ఉంది. గొర్రెలు ఆకలికి తడిక మీద పడి అరుస్తున్నాయి. ఒంట్లో జ్వరమున్నా వాన పడుతున్నా బావ ఏనాడూ మందను ఆపి ఎరగడు. ఇంటి ముందు వేపచెట్టు కింద ఒక కారు నిలబడి ఉంది, ఎవరో దూరపు చుట్టాలు మాకంటే ముందే వచ్చేశారనుకున్నాను. వాకిట్లో పదిమంది దాకా ఉన్నారు. ఏడుపు వినబడలేదు. ఏడ్చి ఏడ్చి అలసిపోయారనుకున్నాను. చూడండి, మనిషి ఒకసారి ఒక అర్థం పట్టుకున్నాక, కళ్ల ముందు ఏది కనబడినా దాన్నే బలపరుస్తుంది.

మేనల్లుడు లోపలి నుంచి ఉరికొచ్చాడు. "గింత సేపా మామా? ఫోన్ ఎత్తవు, ఏం లేదు" అని నా మీద పడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అమ్మ దవాఖానకు రానంటున్నది. పొద్దున ఎనిమిదిన్నరకు పడిపోయింది. కుడి చెయ్యి లేస్తలేదు. అంబులెన్స్ వస్తే వాపస్ పంపింది. తమ్ముణ్ణి చూసినంకనే కదుల్త, ఆడ చచ్చిపోతే మళ్ల చూస్తనా అంటున్నది. మంచం పట్టె ఇడుస్తలేదు. కిరాయి కారు రెండు గంటల సంది నిలవడ్డది." నాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారి అర్థమైంది. "గా మాట ఫోన్ల ఎందుకు చెప్పలేదురా?" అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. "సీరియస్ ఉన్నది, జల్ది రా అని చెప్తి గద మామా. అంతకన్న ఏం చెప్పాలె?" మరి తిని బయలెల్లు అన్న బావ తమ్ముడు వెనకే నిలబడి ఉన్నాడు. నాకు షుగరుందని గుర్తుండి అన్నాడట, పాపం.

అక్క మంచం మీద ఉంది. ఒంటి మీద గొంగడి. నోరు ఒక పక్కకు లాగింది, ఆ పక్క నుంచి చొంగ కారుతోంది. ఎడమ చెయ్యి మాత్రం మంచం పట్టెను పిడికిలి బిగించి పట్టుకుని ఉంది. నన్ను చూడగానే ఆ పిడికిలి వదులయింది. మా ఆవిడ పరుగున పోయి తల ఒళ్లోకి తీసుకుని, కొత్త తువ్వాల మడత విప్పి మూతి తుడవసాగింది. తువ్వాల లాగినప్పుడు సంచి ఒరిగిపోయింది. పచ్చచీర అంచు బయటికి వచ్చింది, గాజులు గలగలమన్నాయి. ఆ గదిలో ఉన్నవాళ్లలో ఎవరికీ అదేమిటో చెప్పే అవసరం లేదు. బావ గోడ వైపు తిరిగాడు. ఒక ముసలావిడ నోట్లో కొంగు కుక్కుకుంది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

అక్క ఆ అంచు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. "నాకేనా?" అంది. మాట ముద్దగా వచ్చింది, అయినా అర్థమైంది. నేను తల ఊపాను. "చూపియ్యి. చచ్చినంక నాకు కనవడదు గద" అంది. మడత విప్పి ఆమె ముందు పరిచాను. ఎడమ చేత్తో అంచు తడిమి చూసింది, దుకాణంలో ఆడవాళ్లు తడిమినట్టే, బొటనవేలితో రాసి. "మంచిగున్నది" అంది. "కప్పు." ముసలావిడ, బతికున్న మనిషికి గా చీర కప్పుతరా, అరిష్టం అని గొణిగింది. అక్క కళ్లు ఉరిమాయి. "పుట్టింటి చీర... నా తమ్ముడు తెచ్చిండు... కప్పు తమ్మీ." గొంగడి మీద నుంచి ఆ చీర కప్పాను. ముఖం దాకా రానివ్వకుండా మెడ దగ్గర ఆపి రెండు పక్కలా దోపాను. అప్పుడు ఆమె, ఏదో పెళ్లికి ముస్తాబయిన దానిలా, "ఇగ పోదాం" అంది.

భువనగిరి దాకా కారులో ఆమె తల మా ఆవిడ ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. ముందు సీట్లో మేనల్లుడు. వాడు వింటున్నాడని తెలిసీ, వాడు వినాలనే, మూడేళ్లుగా గొంతులో ఉన్నది కక్కేశాను. "అక్కా, నన్ను చదివిచ్చింది గొర్లే. గా మాట నేను అనొద్దుండె. తప్పాయె." మేనల్లుడు వెనక్కి తిరగలేదు గానీ, వాడి మెడ కదలకుండా బిగుసుకుపోయింది. అక్క నా వైపు కళ్లు తిప్పింది. "అన్ని మాట్లాడుదాం తమ్మీ" అంది. "ముందు బాగు కానియ్యి."

దవాఖానలో డాక్టరు ఎప్పుడు పడిందని అడిగి, గోడ గడియారం చూశాడు. ఒక గంట ముందు తెస్తే బాగుండేదన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు, ఎవరినీ నిందించలేదు. మేనల్లుడు కూడా ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ నన్ను ఒక్క మాట అనలేదు. మా ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది. ఆమె కూడా ఏమీ అనలేదు. అది భరించడం కష్టమైంది.

అక్క బతికింది. కుడి కాలు కొంత వచ్చింది, చెయ్యి రాలేదు. మాట ఆ సాయంత్రానికే పోయింది. పోతూ పోతూ ఒక్కటి మాత్రం వదిలిపోయింది: తమ్మీ. ఆ ఒక్క పిలుపు గంటకొట్టినట్టు స్పష్టంగా వచ్చేది, మిగతాదంతా గొంతులోనే. నీళ్లు కావాలన్నా తమ్మీ, బావను పిలవాలన్నా తమ్మీ, దొడ్డిలో గొర్రె తప్పిపోతే తడిక దగ్గర నిలబడి తమ్మీ తమ్మీ అని అరిచేది. గొర్రెలు తలలెత్తి చూసేవి. ఇంటిల్లిపాదీ ఆమెకు తమ్ముళ్లే అయిపోయామని, బయటి సంబంధం నుంచి కోడలిగా వచ్చిన మేనల్లుడి భార్య నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఏటా రాఖీ పున్నమికి ఇప్పుడు నేనే వెళ్లేవాణ్ణి. ఆమె ఆ పచ్చచీర కట్టుకుని కూర్చునేది, ఎడమ చేత్తో దారం చుట్టేది, ముడి మా ఆవిడ వేసేది. ఒకసారి అడిగాను, ఆ రోజు రైల్వే గేటు దగ్గర ఉన్నప్పుడు ఫోన్ ఎందుకు చేశారురా అని. మేనల్లుడు నేల చూపులు చూశాడు. "నేను కాదు మామా, అమ్మనే చెయ్యమన్నది. నీతోని ఏదో మాట్లాడుత అన్నది. చెవి కాడ వెట్టిన. నువ్వు ఎత్తలే." ఆమె వైపు తిరిగి, ఏం చెప్పుదామనుకున్నవ్ అక్కా అని అడిగాను. ఆమె చాలాసేపు వెతుక్కుంది, పెదవులు కదిలించింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "తమ్మీ" అంది.

ఆ తర్వాత ఆమె నాలుగేళ్లు ఉంది. పోయిన రోజు కూడా మేనల్లుడే ఫోన్ చేశాడు. "మామా, అమ్మ లేదు" అన్నాడు. సీరియస్ అనలేదు. దారి పొడుగునా ఆశ ఇవ్వలేదు. నాకు అదే మేలనిపించింది. నేనూ మా ఆవిడా ఉన్నపళంగా బయలుదేరాం. బట్టల దుకాణం తెరిచే ఉంది. స్కూటరు నెమ్మది చేయబోయాను, "చీర ఆమె కాడనే ఉన్నది" అంది వెనక నుంచి మా ఆవిడ. నిజమే, నాలుగు పున్నములు కట్టి ఉతికి మెత్తబడిపోయిన చీర, ఆమె పెట్టెలో మడత పెట్టి ఉంది. ఎక్కడా ఆగలేదు. వలిగొండలో గేటు తెరిచే ఉంది. గంటన్నరలో చేరుకున్నాం. గంటన్నర దారే అది. దాని మీద బయలుదేరడానికి నాకు మూడేళ్లు పట్టింది. బయలుదేరిన రోజున కూడా ఒక గంట ఆలస్యం చేశాను, ఆమె చెప్పాలనుకున్నదంతా ఆ గంటలోనే ఉండిపోయింది.